తొలి పిడికెడు ఎవరిది?

ఏ.ఎస్. రావు నగర్‌లో సూర్యోదయానికి ముందే వంటిళ్లు మేల్కొంటాయి. పాల ప్యాకెట్లు గుమ్మాలకు చేరతాయి. మొదటి షిఫ్టుకు వెళ్లవలసినవారికి క్యారియర్ కట్టాలి. బడి బస్సు వీధి చివరికి వచ్చేలోగా పిల్లల జడలు పూర్తి కావాలి. నీళ్ల మోటారు వేయడం ఒకరి వంతు, మరచిపోకుండా ఆపడం మరొకరి వంతు. ఈ సందడి మధ్యనే ఒక అంతస్తులో పూజ గంట మోగుతుంది. అగరువత్తుల పరిమళం మెట్ల మీదుగా కిందికి దిగివస్తుంది. ఇంకొక అంతస్తులో ఒక క్రైస్తవ కుటుంబం చాప పరచుకుని, వాక్యం చదువుకుని ప్రార్థన చేసుకుంటుంది. మౌలాలి వైపు ఇళ్లలో అప్పటికే ఫజర్ నమాజు ముగిసి ఉంటుంది.

ఈ మూడు ఇళ్లవారినీ కూర్చోబెట్టి మనసు విప్పమంటే ముగ్గురి నోటా వచ్చేది ఒకటే మాట. దేవుని ఎదుట కూర్చుంటున్నాం గానీ మనసు కుక్కరు కూతల మీదనే ఉంటోంది, కళ్లు గోడ గడియారాన్నే వెదుకుతున్నాయి, చెవులు సెల్‌ఫోను వైపే రిక్కించి ఉంటున్నాయి అని. క్రైస్తవ సోదరులు దీనిని ‘దేవునికి ప్రథమ స్థానం ఇవ్వడం’ అనే పేరుతో చర్చించుకుంటారు. వారి ఆదివారపు ప్రసంగాలలో తరచు వినవచ్చే అంశమిది. మన ఇళ్లలో ఆ పేరుతో చర్చ జరగకపోవచ్చు. బాధ మాత్రం అదే. పూజ క్రమం తప్పకుండా జరుగుతూనే ఉంటుంది. పూజలందుకోవలసినవాడు మాత్రం ఆనాటి పనుల జాబితాలో పాలవాడికీ, కరెంటు బిల్లుకూ నడుమ ఎక్కడో ఒక వరుసలో నిలబడి ఉంటాడు.

ఈ కాలనీ పేరు వెనుక ఒక చమత్కారం ఉంది. డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించి, 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఈసీఐఎల్ సంస్థకు ప్రాణప్రతిష్ఠ చేసిన శాస్త్రవేత్త. ఆ సంస్థ ఉద్యోగుల నివాసాలతో పెరిగిన కాలనీకే ఆయన పేరు నిలిచింది. ఆ సంస్థ తయారుచేసిన ‘ఈసీ’ టీవీ ఒకప్పుడు ఎన్నో తెలుగు ఇళ్ల ముందు గదిలో సగర్వంగా కొలువుదీరింది. అంటే, మనసును చెదరగొడుతున్నదని నేడు మనం దేనిని నిందిస్తున్నామో, ఆ తెర మన ఇళ్లలోకి ప్రవేశించడంలో ఈ పరిసరాలకు కొంత వాటా ఉన్నదన్నమాట! అయితే ఆ కథకు రెండవ భాగం కూడా ఉంది. 1987 జనవరి నుంచి 1988 జూలై వరకు ఆదివారం ఉదయాలలో దూరదర్శన్ రామాయణాన్ని ప్రసారం చేసినప్పుడు, జనులు స్నానాలు ముగించి, అదే టీవీకి పూలదండ వేసి, అగరువత్తి వెలిగించి, చేతులు జోడించి కూర్చున్నారు. పెట్టె మారలేదు. దాని ముందు కూర్చున్నవారి దృష్టి మారింది.

అరచేతిలో ఏముంది?

నిద్ర లేవగానే కళ్లు తెరిచి ముందుగా అరచేతులు చూసుకోవాలని మన పెద్దలు నేర్పారు. దీనికే కరదర్శనమని పేరు. వేళ్ల కొసలలో లక్ష్మీదేవిని, అరచేతి నడుమ సరస్వతిని, మణికట్టు చెంత గోవిందుని భావించి నమస్కరించడం ఇందులోని విధి. ఇది పట్టుమని పది క్షణాల పని. దీనికి స్నానం అక్కరలేదు, మడి అక్కరలేదు, పీట అక్కరలేదు. పక్క మీద కూర్చునే చేయవచ్చు. రోజులో మనసు మీద పడే మొట్టమొదటి ముద్ర భగవంతునిదే కావాలన్న ఆలోచన దీని వెనుక ఉన్నది.

ఇప్పుడు కూడా మనం నిద్ర లేవగానే అరచేతిలోకే చూస్తున్నాం. కాకపోతే ఆ అరచేతిలో సెల్‌ఫోను ఉంటోంది. రాత్రి ఎవరు ఏమి పంపారు, కుటుంబ బృందంలో ఎవరు ఏమన్నారు, బ్యాంకు నుంచి ఏ సందేశం వచ్చింది అన్నవి ముందు చూసి, ఆపైన మనం లేస్తున్నాం. తమాషా ఏమిటంటే ఆ సందేశాలలో సగం దేవుళ్ల బొమ్మలతో వచ్చే శుభోదయాలే! వేంకటేశ్వరస్వామి చిత్రాన్ని పదిమందికి పంపించి, ఆ స్వామిని ఒక్క క్షణమైనా తలచుకోకుండా పక్క దిగేవారు మనలో కొందరు కాదు, ఎందరో. దీనికి ఎవరినో తప్పుపట్టనవసరం లేదు. మీరే రేపు ఉదయం గమనించి చూడండి.

నిజానికి ‘ముందు దేవుడికి’ అన్న మాట తెలుగు ఇంటికి కొత్తది కాదు. తోటలో తొలికాపు మామిడిపండు దేవుని ముందు పెట్టందే కోసుకునేవారు కాదు. పెళ్లి శుభలేఖ అచ్చయి రాగానే మొదటి ప్రతి ఇలవేల్పుకు, ఆ తరువాతనే బంధువులకు. కిరాణా దుకాణంలో కొత్త ఖాతా పుస్తకం మొదటి పుట పైన పసుపు రాసి ‘శ్రీ’ అని వ్రాసిన తరువాతనే అప్పుల పద్దు మొదలయ్యేది. పరీక్ష వ్రాసే పిల్లవాడు సైతం కాగితం మూలన చిన్న అక్షరాలతో ‘శ్రీరామ’ అని వ్రాసుకునేవాడు. క్రైస్తవులలోనూ పంటలో ప్రథమ ఫలాలను దేవుని సన్నిధికి తెచ్చే ఆచారం ఉన్నది. పల్లె చర్చిలలో కోతల పండుగనాడు ధాన్యపు బస్తాలు, గుమ్మడికాయలు, కోళ్లు సైతం బలిపీఠం ముందుకు చేరుతాయి. ఇవన్నీ వస్తువులలో ముందుగా ఇవ్వడానికి సంబంధించినవి. మనకు చిక్కు వస్తున్నది సమయంలో ముందుగా ఇవ్వడం దగ్గర. మామిడిపండు కాసేపు ఆగుతుంది, బడి బస్సు ఆగదు.

కాఫీ ముందా, పూజ ముందా?

ఇక్కడ ఒక సున్నితమైన విషయం చెప్పుకోవాలి. పూజ పూర్తయ్యేదాకా పొయ్యి మీద మరొకటి పెట్టరాదన్న నియమం కొన్ని ఇళ్లలో ఉన్నది. నియమం మంచిదే. కానీ ఆ ఇంట్లోనే ఎనభై ఏళ్ల అత్తగారు చక్కెర వ్యాధికి సూది మందు వేసుకుని, ఆహారం కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు. సహస్రనామం ఇంకా సగంలోనే ఉన్నది. కోడలు లేచి ఇడ్లీ పెడితే దేవునికి అపచారమేమోనని భయం. లేవకపోతే పెద్దావిడకు కళ్లు తిరుగుతాయేమోనన్న బెంగ. నోరు నామాలు చదువుతుంది, మనసు రెండు ముక్కలవుతుంది. దేవునికి ప్రథమ స్థానం అంటే ఇదేనా?

మహాభారతం అరణ్యపర్వంలో కౌశికుడనే బ్రాహ్మణుని కథ ఈ ప్రశ్నకే సమాధానంగా ఉన్నది. చెట్టు కింద వేదాధ్యయనం చేసుకుంటున్న అతని మీద ఒక కొంగ రెట్ట వేసింది. కోపంతో అతడు చూసిన చూపుకు ఆ పక్షి ప్రాణం విడిచింది. పశ్చాత్తాపపడుతూనే అతడు భిక్షకు ఊరిలోకి వెళ్లాడు. ఒక ఇంటి ఇల్లాలు ‘ఉండండి’ అని చెప్పి పాత్ర తేవడానికి లోపలికి వెళ్లేసరికి, ఆకలితో ఉన్న భర్త ఇంటికి వచ్చాడు. ఆమె అతనికి వడ్డించి, సేవలు ముగించి, అప్పుడు భిక్ష తెచ్చింది. కౌశికుడు మండిపడ్డాడు. ఆమె బెదరలేదు. తాను కొంగను కానని సౌమ్యంగానే చెప్పింది. అడవిలో ఎవరూ చూడని సంగతి ఈ ఇల్లాలికి ఎలా తెలిసిందని అతడు నివ్వెరపోయాడు. ధర్మమంటే ఏమిటో తెలుసుకోవాలంటే మిథిలకు వెళ్లి ధర్మవ్యాధుని కలుసుకోమని ఆమె దారి చూపింది.

మిథిలలో అతనికి కనిపించినది మాంసం అమ్ముకునే అంగడి. ధర్మవ్యాధుడు తాను జీవహింస చేయడు. ఇతరులు తెచ్చినది అమ్మి కుటుంబాన్ని పోషించుకుంటాడు. ధర్మసూక్ష్మాలు ఎన్నో చెప్పిన తరువాత అతడు కౌశికుని ఇంటిలోనికి తీసుకువెళ్లి వృద్ధులైన తల్లిదండ్రులను చూపించాడు. తనకు దైవాలు వీరేనన్నాడు. పూలు, పండ్లు, తొలి ముద్ద వీరికే అర్పిస్తానన్నాడు. ఆపైన చెప్పిన మాట ఈ కథకు ఆయువుపట్టు. వేదం చదువుకోవాలన్న తపనతో నీవు అనుమతి తీసుకోకుండా తల్లిదండ్రులను విడిచివచ్చావు. నీకోసం విలపించి విలపించి ఆ వృద్ధులు చూపు కోల్పోయారు. ముందు వెళ్లి వారిని సేవించు అన్నాడు. దైవం కోసమే ఇల్లు విడిచినవానిని తిరిగి ఇంటికి పంపిన గురువు ఆయన.

మనుస్మృతి చెప్పిన పంచ మహాయజ్ఞాలలోనూ ఈ ధోరణే కనిపిస్తుంది. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ అనే ఐదింటి వల్ల గృహస్థుకు తెలియకుండానే జీవహింస జరుగుతుందనీ, అందుకు పరిహారంగా వేదాధ్యయనం, పితృతర్పణం, దేవతార్చన, భూతబలి, అతిథిసేవ అనే ఐదింటినీ రోజూ చేయాలనీ అందులో ఉన్నది. గమనించండి, దేవతార్చన ఐదింటిలో ఒకటి మాత్రమే. తక్కిన నాలుగూ ఋషులకు, పితరులకు, ప్రాణులకు, మనుషులకు సంబంధించినవి. అయినా ఐదింటికీ యజ్ఞమనే పేరు. కనుక సూది మందు వేసుకున్న అత్తగారికి ముందు ఇడ్లీ పెట్టి, మిగిలిన నామాలు తరువాత చదువుకున్న కోడలు దేవుని వెనక్కి నెట్టినట్టు కాదు. ఈ విషయంలో నాకు సందేహం లేదు. కానీ టీవీలో సీరియల్ కోసం అదే పూజను రెండు నిమిషాలలో చుట్టబెట్టినప్పుడు ఇదే వాదం తెచ్చుకోకూడదు! తేడా ఎక్కడున్నదో మనకు తెలుసు. తెలియనట్టు నటిస్తాం, అంతే.

లేడిపిల్ల వెనుక

కొందరు అనుకుంటారు: ఈ నగరం వల్లనే, ఈ ఉద్యోగాల వల్లనే మనసు నిలవడం లేదు, పదవీ విరమణ తరువాత కీసరగుట్ట సమీపంలో చిన్న ఇల్లు కట్టుకుని, రోజూ రామలింగేశ్వరుని దర్శించుకుంటూ ప్రశాంతంగా గడుపుదాం అని. ఆ కోరిక తీరితే సంతోషమే. అయితే భాగవతం పంచమ స్కంధంలోని భరతుని కథ ఒకసారి జ్ఞాపకం చేసుకోవాలి.

భరతుడు సామాన్యుడు కాడు. చక్రవర్తి. రాజ్యాన్ని కుమారులకు పంచి ఇచ్చి, గండకీ నదీ తీరంలోని పులహాశ్రమానికి చేరి, పూలు పత్రి కోసుకుంటూ హరిని అర్చించుకుంటున్నవాడు. ఒకనాడు నదిలో అనుష్ఠానం చేసుకుంటుండగా నీళ్లు తాగడానికి వచ్చిన చూలు లేడి సింహగర్జన విని బెదిరి దూకింది. గర్భస్థ శిశువు జారి ప్రవాహంలో పడింది. తల్లి మరణించింది. భరతుడు ఆ లేడిపిల్లను రక్షించి ఆశ్రమానికి తెచ్చాడు. ఇంతవరకు ఎవరూ తప్పుపట్టరు. దయ లేనివాడు తపస్వి ఎలా అవుతాడు?

ఆ తరువాత జరిగినదే చూడవలసినది. లేడికి గడ్డి తేవాలి. తోడేళ్లు రాకుండా కాపలా కాయాలి. ఒళ్లు నిమరాలి. అది కనిపించకపోతే వెదకాలి. జపం మధ్యలో లేచి చూసి రావాలి. ఒక్కసారిగా కాదు, రోజుకొకటి చొప్పున అతని నియమాలు జారిపోయాయి. సామ్రాజ్యం విడవగలిగినవాడు లేడిపిల్లను విడవలేకపోయాడు. చివరి క్షణంలోనూ దాని మీదనే మనసు నిలిచి మరుజన్మలో లేడిగా పుట్టాడు. అటుపై జన్మలో జడభరతుడై, రహూగణ మహారాజు పల్లకిని మోస్తూ, ఆ రాజుకే ఆత్మతత్త్వం బోధించాడు. పల్లకీ మోత వంటి పని అతని చిత్తాన్ని చెదరగొట్టలేదు. ముద్దులొలికే లేడిపిల్ల చెదరగొట్టింది.

మన లేడిపిల్లలు మనకు తెలుసు. అవి చెడ్డవి కావు. పిల్లవాని చదువు, కూతురి పెళ్లి, వాయిదాల మీద కొన్న ఇల్లు, అమెరికాలో ఉన్న మనవడితో మాట్లాడవలసిన వేళ. ఇవన్నీ కాపాడవలసినవే. కాపాడుతూ కాపాడుతూ ఏయే రోజున ఏ నియమం జారిపోయిందో గుర్తు ఉండదు. పదేళ్ల క్రితం మీ ఇంట్లో సంధ్యాదీపం ఎవరు పెట్టేవారో, ఏ కారణాన అది ఆగిపోయిందో ఒకసారి ఆలోచించండి. పెద్ద కారణమేదీ కనిపించదు.

దీనికి ఎదురుగా శ్రీరామకృష్ణ పరమహంస చెప్పిన నారదుని కథ ఒకటి అందరికీ తెలిసినదే. తనకంటే ఒక రైతు గొప్ప భక్తుడని విష్ణుమూర్తి అన్నందుకు నారదుడు నొచ్చుకుంటాడు. నిండా నూనె ఉన్న గిన్నెను చేతికిచ్చి, చుక్క ఒలకకుండా తిరిగిరమ్మంటాడు స్వామి. తిరిగివచ్చిన నారదుడు, ఆ కాసేపు గిన్నె ధ్యాసలో ఒక్కసారి కూడా నామం తలచలేదని ఒప్పుకుంటాడు. ఆ రైతు మాత్రం సంసారభారం మోస్తూ లేచినప్పుడూ పడుకునేటప్పుడూ తలచుకుంటున్నాడు. ఈ కథ విని చాలామంది, అయితే రోజుకు రెండుసార్లు చాలునని ఊరట చెందుతారు. ఆ రెండుసార్లు మనం తలుస్తున్నామా అని అడిగితే మాట మారుస్తారు.

గోల్కొండలో లెక్క

పదిహేడవ శతాబ్దంలో ఇద్దరు వ్యక్తులు. ఒకరు మన నేలమీదివారు, మరొకరు పారిస్ నగరంలోనివారు. ఒకరి గురించి మరొకరికి తెలిసే వీలు లేదు.

మన కంచర్ల గోపన్న ఖమ్మం ప్రాంతంలోని నేలకొండపల్లివారు. తానీషా ప్రభుత్వంలో మంత్రులుగా ఉన్న అక్కన్న మాదన్నలకు మేనల్లుడు. పాల్వంచ పరగణాకు తహసీలుదారు. పన్ను వసూళ్లు, పద్దులు, రశీదులు, పైఅధికారుల తాఖీదులు. నేటి ప్రభుత్వోద్యోగికి ఎన్ని చికాకులుంటాయో అన్నీ ఆయనకూ ఉండేవి. భద్రాద్రి రామునికి ఆలయం కట్టించడానికి సర్కారు సొమ్ము వాడి గోల్కొండ చెరసాల పాలయ్యారు. పన్నెండేళ్లు ఆ చెరలో ఉన్నారని సంప్రదాయం. నేటికీ గోల్కొండకు వెళ్లినవారికి ఆ చెరసాలను చూపుతారు.

దేవుని కోసం సర్కారు సొమ్ము వాడవచ్చునా అని పిల్లలు అడుగుతారు. అడగనివ్వండి. భక్తుని మీద ప్రేమతో ఆ ప్రశ్నను మనం దాటవేస్తూ వచ్చాం. కథ మాత్రం దాటవేయలేదు. రామలక్ష్మణులు సేవకుల రూపంలో తానీషా పడకగదికి వచ్చి, ఆరు లక్షల మొహరీలనూ కుప్పపోసి, రశీదు అడిగి తీసుకుని మరీ వెళ్లారని జనశ్రుతి. భక్తుని కోసం వచ్చిన దేవుడు బాకీ ఎగవేయలేదు, మాఫీ చేయమని అడగలేదు. పైసలతో సహా కట్టి రశీదు పుచ్చుకున్నాడు. దేవునికి ప్రథమ స్థానం ఇస్తున్నామన్న పేరుతో ఆఫీసు వేళలో గుడి చుట్టూ తిరిగేవారు, అప్పులవాళ్లను తిప్పుతూ హుండీలో వేసేవారు ఆ రశీదును తలచుకోవాలి. గోపన్నను రామదాసును చేసింది ఆయన ఖర్చు పెట్టిన సొమ్ము కాదు. పదవి, పరివారం, పగటి వెలుతురు అన్నీ పోయినచోట ఆయన నోట మిగిలిన రామనామం.

రెండవవారు సోదరుడు లారెన్స్. ఫ్రాన్సులోని లొరేన్ ప్రాంతంలో పుట్టి, యువకునిగా సైన్యంలో పనిచేసి, గాయపడి, పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో చేరారు. పెద్ద చదువు లేదు. అక్కడ ఆయనకు ఇచ్చినది వంటపని. ఆ పని ఆయనకు స్వభావరీత్యా ఇష్టం లేనిదే! చాలా ఏళ్లు వంటింటిలోను, ఆ తరువాత చెప్పులు కుట్టే పనిలోను గడిపి 1691లో కన్నుమూశారు. ఆయన మాటలను, ఉత్తరాలను మరణానంతరం ఒక చిన్న పుస్తకంగా కూర్చారు. ప్రార్థనకు కేటాయించిన వేళకూ, పదిమంది పది రకాలుగా కేకలు వేస్తున్న వంటింటి వేళకూ తనకు భేదం కనిపించదని ఆయన చెప్పుకున్నారు. పెనం మీద అట్టు తిరగవేయడం కూడా దైవప్రీతి కోసమే అన్నది ఆయన సాధన. మొదటి పదేళ్లు మాత్రం ఎంతో వేదన పడ్డారు. మనసు పారిపోయిన ప్రతిసారీ తనను తాను తిట్టుకోకుండా, మెల్లగా వెనక్కి తెచ్చుకోవడమే ఆయన అలవరచుకున్న పద్ధతి.

ఏ పని చేస్తున్నా నన్ను స్మరిస్తూనే యుద్ధం చేయమని గీత ఎనిమిదవ అధ్యాయంలో కృష్ణుడు అర్జునునికి చెప్పినదీ ఇదే కదా. యుద్ధం ఆపి స్మరించమనలేదు. స్మరణ అయిన తరువాత యుద్ధం చేయమనీ అనలేదు. మన వంటింటి యుద్ధానికి ఆ మాట వర్తించదని ఎవరన్నారు?

బైబిలులో లూకా వ్రాసిన సువార్తలో మార్త, మరియ అనే అక్కచెల్లెళ్ల ఘట్టం ఉంది. యేసు వారి ఇంటికి వచ్చినప్పుడు మార్త వడ్డనల తొందరలో మునిగిపోయింది. మరియ ఆయన పాదాల వద్ద కూర్చుని మాటలు వింటూ ఉండిపోయింది. చెల్లెలిని పనికి పంపమని మార్త ఫిర్యాదు చేస్తే, ఆయన ఆమెనే మందలించాడు. ఈ ఘట్టం విన్నప్పుడు ఇల్లాళ్లకు కొంత కష్టం వేస్తుంది. మార్త కూడా కూర్చుంటే అన్నం ఎవరు వండుతారు? అయితే ఆయన తప్పుపట్టినది ఆమె వంటను కాదనీ, అనేక విషయాలను గురించిన ఆమె ఆందోళననూ కలతనూ అనీ క్రైస్తవ వ్యాఖ్యాతలు చెబుతారు. మన జనశ్రుతిలో విదురుని ఇల్లాలి కథ దీనికి అద్దం పట్టినట్టు ఉంటుంది. ఇంటికి వచ్చిన కృష్ణుని చూసి ఒళ్లు మరచిన ఆమె అరటిపండ్లు వలిచి పండు పారవేసి తొక్కలు చేతికిచ్చింది. ఆయన ఆనందంగా తిన్నాడు. ఇంటికి వచ్చినవాడు కృష్ణుడేనని ఆమె మరచిపోలేదు, పండునే మరచింది. మనకు పండు, తొక్క, పళ్లెం, తమలపాకులు అన్నీ చక్కగా గుర్తుంటాయి.

పిడికెడు బియ్యం

ఇన్ని కథల తరువాత, రేపు ఉదయం ఆరు గంటలకు ఏం చేయాలన్న ప్రశ్న మీకు ఉండనే ఉంటుంది. గంటసేపు ధ్యానం చేయండి అని చెప్పడం సులభం. చేయగలిగినవారు చేస్తూనే ఉన్నారు. చేయలేని ఇంటికి సరిపడే ఒక ఆచారం కంచి నుంచి మిజోరం కొండల వరకు విచిత్రంగా ఒకే రూపంలో కనిపిస్తుంది.

కంచి కామకోటి పీఠాధిపతులు శ్రీ చంద్రశేఖరేంద్ర సరస్వతీ స్వామివారు (1894-1994) ప్రవేశపెట్టినది ‘పిడికెడు బియ్యం’ పథకం. తమిళంలో దీనిని పిడి అరిసి అంటారు. ఇంటి ఇల్లాలు వంటకు బియ్యం తీసేటప్పుడు, తమకోసం కొలిచే ముందు, ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయాలి. దానితోపాటు ఒక చిల్లర నాణెం. ఆ బియ్యాన్ని పేటలోని గుడిలో వండి, దేవునికి నివేదించి పేదలకు పెట్టాలి. ఆ నాణేలు కట్టెలకు, ఉప్పుపప్పులకు. ఇందులో విరాళాల పుస్తకం లేదు, దాతల పేర్ల పలక లేదు. ఎంతటి పేద ఇంటికైనా పిడికెడు బరువు కాదు, ఎంతటి గొప్ప ఇంటికైనా పిడికెడు కంటే ఎక్కువ అక్కరలేదు. తమకోసం మాత్రమే వండుకునేవారు పాపాన్ని భుజిస్తున్నారని గీత మూడవ అధ్యాయంలో ఉన్న హెచ్చరికకు స్వామివారు చూపిన ఆచరణ ఇది.

మిజోరంలోని క్రైస్తవ స్త్రీలు 1910 నుంచి ఇదే పని చేస్తున్నారు. వండిన ప్రతిసారీ పిడికెడు బియ్యం పక్కన పెట్టి, కూడిన బియ్యాన్ని తమ సంఘానికి అందిస్తారు. నగదు లేని కాలంలో మొదలైన ఆ అలవాటు నేటికీ ఆగలేదు. మన తెలుగునాటి పల్లె క్రైస్తవ సంఘాలలోనూ ఈ ఆచారం ఉన్నది. 1912లో డోర్నకల్ తొలి బిషప్‌గా అభిషిక్తులైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు అతి నిరుపేదలైన గ్రామీణులకు సైతం దేవునికి ఇవ్వడం ఒక బాధ్యత అనీ, గౌరవం అనీ నేర్పినవారు. కంచి స్వామివారికీ, మిజో తల్లులకూ మధ్య సంప్రదింపులేవీ జరగలేదు. ఇద్దరికీ తట్టినది మాత్రం బియ్యపు డబ్బానే.

దీనిలోని సూక్ష్మం వేళలో ఉన్నది. పిడికెడు తీసేది బియ్యం కడగడానికి ముందు. అప్పటికి కుక్కరు పొయ్యి ఎక్కలేదు, కూత వేయలేదు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కాబట్టి సెల్‌ఫోను గట్టు మీద ఉంటుంది. పిడికిలి బిగించి, నామం ఒక్కసారి మనసులో అనుకుని, వేరే డబ్బాలో వేసేసరికి పట్టేది ఐదు క్షణాలు. మడి కట్టుకోలేని రోజున, జ్వరంతో ఉన్న పిల్లవాని పక్కన రాత్రంతా మేలుకుని పూజ గదిలోకి వెళ్లలేని రోజున సైతం అన్నం వండక తప్పదు. కనుక ఈ నియమం తప్పే అవకాశం తక్కువ. ఇంట్లో వండేది మగవారైతే పిడికిలి వారిది. వంటమనిషి వచ్చి వండే ఇళ్లలో మాత్రం ఆ పిడికెడు ఆమె చేత తీయించవద్దు. ఇంటివారే లేచివచ్చి తీయాలి.

లెక్క కూడా చూద్దాం. పెద్దవారి పిడికిలిలో ముప్పై నలభై గ్రాముల బియ్యం పడుతుంది. రెండు పూటలా తీస్తే నెలకు రెండు కిలోలకు పైమాటే. ఇరవై నాలుగు ఇళ్లున్న అపార్ట్‌మెంటులో అందరూ తీస్తే నెల తిరిగేసరికి అర క్వింటాలు. మీకు దగ్గరలోని గుడిలో అన్నదానం జరుగుతుంటే అక్కడ ఇవ్వవచ్చు. అనాథ పిల్లలను సాకే ఆశ్రమానికి చేర్చవచ్చు. కారుల పక్కన ఒంటి గదిలో కాపురముండే మీ వాచ్‌మన్ ఇంట్లో నెలాఖరున బియ్యం నిండుకున్నాయేమో ముందుగా కనుక్కోవడం మరచిపోకండి. పోగుచేసే బాధ్యతను నెలకొక ఇంటివారు తీసుకుంటే ఎవరికీ భారం కాదు. మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బా ఒకటి చాలు. నాణేలకు మరొక చిన్న సీసా. డబ్బా అడుగున నాలుగు ఎండు వేపాకులు వేస్తే పురుగు పట్టదు.